మైక్రోస్కోప్ కొంటే ముందు ఆ చిన్న మీట ఉందో లేదో చూడండి

మా పాప ఏడో తరగతిలో ఉండగా ఇక్కడే చెన్నై బ్రాడ్‌వేలో కొన్న స్టూడెంట్ మైక్రోస్కోప్ ఇది, అంబాలా తయారీ. పాప ఇప్పుడు పదోకి వచ్చింది. ఎన్ని లెన్సులు, ఎన్ని రెట్లు అన్నది ఏ షాపులో అడిగినా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది స్లైడ్ పెట్టే స్టేజ్ కింద, వెలుగుని స్లైడ్ మీదికి చేర్చే కండెన్సర్‌కి ఉండే ఐరిస్ డయాఫ్రం గురించి. ఒక చిన్న మీట, పక్కకి జరిపితే వెలుగు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది, అంతే. బాగా చవకవాటిలో దీని బదులు చిల్లులున్న చక్రం పెట్టి సరిపెడతారు.

ఉల్లిపొరకి ఇదంతా అక్కర్లేదు. కణం చుట్టూ గోడలా కణకవచం ఉంది కాబట్టి 10 రెట్ల లెన్సుకే గదులు గదులుగా తేటగా కనిపిస్తుంది. చిక్కంతా మన బుగ్గ కణాలతోనే. టూత్‌పిక్ మొద్దు వైపుతో చెంప లోపల మెల్లగా గీకి, స్లైడ్ మీద నీటి చుక్కలో కలిపి చూస్తే తెల్లటి వెలుగు తప్ప ఏమీ ఉండదు. గోడ లేదు, రంగు లేదు. మీట జరుపుతూ పోండి, ఒకచోట వెలుగు మందగించి అంచులు పైకి తేలతాయి: మూలలు మడతపడి, అడ్డదిడ్డంగా పరుచుకున్న పల్చటి కణాలు, మధ్యలో కేంద్రకం. మిథిలీన్ బ్లూ వేస్తే కేంద్రకం ఇంకా బాగా కనిపిస్తుంది, నిజమే, కానీ రంగు వేయకుండానే మన సొంత కణాన్ని చూడటంలో ఉన్న ఆనందం నాకు ఇంతవరకూ తగ్గలేదు. మీట మరీ మూసేస్తే మాత్రం అంచుల చుట్టూ లేని గీతలు పుడతాయి, సన్నటి వివరాలు పోతాయి.

అసలు మురిపించింది రియో మొక్క. ఇక్కడ సగం ఇళ్ల ముందు కుండీల్లో ఉంటుంది, ఆకు పైన పచ్చ, కింద ఊదా. ఆ ఊదా వైపు పొర తీసి పెట్టి, కవర్ స్లిప్ ఒక అంచున ఉప్పునీళ్ల చుక్క వేసి, రెండో అంచున టిష్యూ ఆనిస్తే ఆ నీళ్లు కవర్ స్లిప్ కిందికి పాకుతాయి. కాసేపటికి ఊదా రంగు మూలల్లోంచి వదిలి లోపలికి ముడుచుకుంటుంది. "నాన్నా, రంగు ముడుచుకుపోతోంది, డబ్బా మాత్రం అలాగే ఉంది!" అని పాప అరిచింది. ఆ డబ్బాయే కణకవచం. వెలుగు పూర్తిగా ఉంటే రంగులేని ఆ గోడ సరిగ్గా ఆనదు, మీట కొంచెం మూస్తే గోడా, దాన్ని వదిలేసిన కణత్వచం (గోడ లోపలుండే పల్చటి పొర) అంచూ రెండూ విడివిడిగా దొరుకుతాయి. మంచినీళ్లు పంపితే రంగు మళ్లీ పరుచుకుంటుంది. జంతుకణానికి లేనిదేంటో పుస్తకంలో బొమ్మ కన్నా ఇది బాగా చెప్పింది.

కొత్తలో దీంతో వచ్చిన చెక్కపెట్టెని అందరి దగ్గరా పొగిడాను. ఇప్పుడు అంతగా పొగడలేను. ఇక్కడి నవంబరు వానలకి ఆ పెట్టెలో తేమ చేరిపోతుంది, ఒక ఏడాది 40 లెన్సు మసకబారితే విప్పి చూపించాం, లోపలి గాజుకి ఫంగస్ పోగులు. తుడిస్తే పోయేది కాదన్నారు, లెన్సు మార్చాల్సి వచ్చింది, చాలా బాధేసింది. ఇప్పుడు లెన్సులు విప్పి సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెడుతున్నాం. మళ్లీ రాలేదు.

100 లెన్సు ఈ పనికి దాదాపు ముట్టుకోలేదు. మాది ఇంట్లో పిల్లకి చూపించే వ్యవహారం, పక్కన కూర్చునే తీరిక నాకుంది కాబట్టి నచ్చింది. స్కూలు ల్యాబ్‌లో రోజంతా పది చేతులు మారే వాడకానికి ఆ సున్నితమైన మీట ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను, అలాంటి చోటికి చక్రం ఉన్నదే నయమేమో.