డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక శీతకాలపు సెమిస్టర్: ఒక సివిల్ విద్యార్థి సమీక్ష

బి.టెక్ సివిల్ ఇంజనీరింగ్ ఏడో సెమిస్టర్‌ను నేను 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి వరకు జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్పిడి విద్యార్థిగా చదివి వచ్చాను. రెండేళ్ల ఎం.ఎస్. గురించి అడిగితే మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ చెప్పేవారు ఉన్నారు గాని, ఒక్క సెమిస్టర్ కోసం వెళ్లి తిరిగి వచ్చినవారు తక్కువ కావడం వల్ల నాకు బయలుదేరే ముందు సరైన సమాచారం దొరకలేదు. నా తరువాత వెళ్లేవారికి ఆ ఇబ్బంది ఉండకూడదని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. సివిల్ చదివేవారికి ఈ సెమిస్టర్ పెట్టిన ఖర్చుకు పూర్తిగా తగినది. అయితే మొదటి ఆరు వారాలకు చేతిలో ఉండవలసిన డబ్బు, తిరిగి వచ్చాక క్రెడిట్లు ఎలా లెక్కిస్తారన్న విషయం, ఈ రెండూ విమానం ఎక్కకముందే తేల్చుకోనివారు సగం సెమిస్టర్‌ను ఆందోళనతోనే గడపవలసి వస్తుంది.

ముందు ఖర్చు సంగతి. మార్పిడి ఒప్పందం కింద వెళ్లాను కాబట్టి ట్యూషన్ ఫీజు ఇక్కడి కళాశాలకే కట్టాను. అక్కడ కట్టింది మూడు వందల యూరోల దరిదాపులో ఉన్న సెమిస్టర్ రుసుము మాత్రమే, అందులోనే ప్రయాణ టికెట్టు కూడా కలిసి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థుల వీసా దరఖాస్తులు చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి, వీసా రుసుము 75 యూరోలు. అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది, అంటే వీసా కోసం అక్కడి జీవన ఖర్చుల డబ్బును ముందే జమ చేసి చూపించవలసిన ఖాతాది. నేను వెళ్లిన సమయానికి నెలకు 992 యూరోల చొప్పున చూపించాలి కనుక ఆరు నెలలకు 5,952 యూరోలు, అంటే యూరో తొంభై రూపాయలు దాటి ఉన్న ఆ రోజుల్లో ఐదు లక్షల నలభై వేల దాకా, ఒకేసారి జమ చేయవలసి వచ్చింది. అది మన డబ్బే, నెలనెలా మనకే తిరిగి వస్తుంది. అయినా పంట మీద, జీతం మీద ఆధారపడిన ఇంట్లో అంత మొత్తం ఒక్కసారిగా తీయడం ఎంత కష్టమో మా నాన్నగారు బ్యాంకు చుట్టూ తిరిగిన ఆ రెండు వారాల్లో నేను చూశాను. ఆరోగ్య బీమాకు నెలకు మరో 120 యూరోలకు పైగా అయ్యింది, బీమా తప్పనిసరి.

నాకు ఎదురైన పెద్ద చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. బ్లాక్డ్ అకౌంట్‌లోని డబ్బు నెలనెలా రావాలంటే జర్మనీలో ఒక మామూలు బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ ఖాతా తెరవడానికి నా బ్యాంకు నివాస నమోదు పత్రం అడిగింది. ఆ నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. గదిలో దిగిన రెండు వారాల్లోగా నమోదు చేయించుకోవాలన్నది చట్టం. ఇవన్నీ నేను వరుసగా, గడువులోపలే పూర్తి చేశాను. అయినా నేను ఎంచుకున్న బ్లాక్డ్ అకౌంట్ సంస్థ నా పత్రాలను పరిశీలించడానికి ఐదు వారాలు తీసుకుంది, రాసిన ప్రతి లేఖకూ ఒకే యాంత్రికమైన జవాబు పంపింది. అక్టోబరు నెలంతా నేను ఫారెక్స్ కార్డులో వేసుకెళ్లిన డబ్బుతో, చివరి పది రోజులు మా ఫ్లాట్‌లో ఉండే తమిళ మిత్రుడు అప్పిచ్చిన డబ్బుతో గడిపాను. కాబట్టి కనీసం వెయ్యి యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌తో సంబంధం లేకుండా విడిగా చేతిలో ఉంచుకుని వెళ్లండి. సంస్థను ఎంచుకునేటప్పుడు రుసుము ఎంత తక్కువ అన్నదానికన్నా, అంతకు ముందు సెమిస్టర్ వెళ్లినవారికి మొదటి నెల డబ్బు ఎన్ని రోజుల్లో అందిందో అడగడం మేలు.

ఇక చదువు విషయం. నేను డ్రెస్డెన్‌లో దిగడానికి రెండు వారాల ముందు, 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున, ఎల్బే నది మీది కరోలా వంతెనలో ఒక భాగం నదిలోకి కూలిపోయింది. మూడు సమాంతర భాగాలుగా కట్టిన ఆ వంతెనలో ట్రాములు, పాదచారులు వెళ్లే భాగం సుమారు వంద మీటర్ల మేర పడిపోయింది. ఆ వేళ దాని మీద ఎవరూ లేకపోవడం వల్ల ఒక్కరికీ గాయం కాలేదు. నేను మొదటిసారి ఆ ఒడ్డున నిలబడినప్పుడు ట్రాము పట్టాలు రెండు గాలిలో వంగి నీళ్ల వైపు వేలాడుతూ కనిపించాయి. పూర్వప్రతిబలిత కాంక్రీటు, అంటే లోపలి ఉక్కు తీగలను బిగించి లాగి ఉంచే కాంక్రీటు, గురించి మూడో సంవత్సరంలో పుస్తకంలో చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా లోపలి తీగ చెడిపోతే ఆ నిర్మాణం ఎలా పడుతుందో అప్పటిదాకా నా ఊహకు రాలేదని ఒప్పుకోవాలి.

ఆ సెమిస్టరంతా మా విభాగంలో ఆ వంతెన ప్రస్తావన రాని వారం లేదు. కూలిపోవడానికి కారణాలు వెతికే బాధ్యత అదే విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టెఫెన్ మార్క్స్ చేతిలో ఉండేది. 1967 నుంచి 1971 దాకా కట్టిన ఆ వంతెనలోని ప్రతిబల ఉక్కు, హైడ్రోజన్ ప్రేరిత ఒత్తిడి తుప్పు వల్ల లోలోపలే పెళుసుబారిందని డిసెంబరులో మధ్యంతర నివేదిక చెప్పింది. ఆ వారంలోనే మా అధ్యాపకులలో ఒకరు తరగతికి ప్రయోగశాల నుంచి రెండు తీగ ముక్కలు తెచ్చి చేతికిచ్చి అందరినీ చూడమన్నారు. ఒకటి మంచి ఉక్కు. లాగగా లాగగా తీగపాకంలా సాగి, మెడ సన్నబడి, చివరకు తెగింది. రెండవది తుప్పు పట్టించి పరీక్షించినది. ఎక్కడా సన్నబడకుండా, సుద్దముక్క విరిచినట్టు అడ్డంగా తెగింది, తెగిన చోట బొటనవేలితో తడిమితే గరుకుగా తగిలింది. ఏ నిర్మాణమైనా కూలేముందు కుంగి, పగిలి హెచ్చరిస్తుందన్న నమ్మకంతో మనం లెక్కల్లో భద్రతా గుణకాలు వేస్తాం. ఈ రెండవ తీగ ఆ హెచ్చరిక ఇవ్వదు. కృష్ణా గోదావరుల మీద ఇదే పద్ధతిలో కట్టిన వంతెనలు ఎన్నో ఉన్న ప్రాంతం నుంచి వెళ్లిన విద్యార్థికి ఆ పది నిమిషాల పాఠం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

పాఠ్యాంశాల ఎంపికలో ఒక విషయం గమనించాలి. బాచిలర్ స్థాయి సివిల్ పాఠాలు అక్కడ ప్రధానంగా జర్మన్‌లోనే ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషులో నడిచే ‘యాక్సెస్’ అనే మాస్టర్స్ కోర్సు నుంచి నేను అనుమతితో నాలుగు విషయాలు ఎంచుకున్నాను. ఏడో సెమిస్టర్ వాడికి అవి ఒక మెట్టు ఎక్కువే. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విభజించి లెక్కించే పద్ధతి), మాట్రిక్స్ గణితం ఇక్కడ గట్టిగా చదివి వెళ్లకపోతే మొదటి నెలలోనే వెనకబడిపోతారు. ఇక జర్మన్, జర్మన్ భాష నేర్పే హైదరాబాద్ గోథే సెంట్రుమ్‌లో మొదటి స్థాయి అయిన ఏ1 పూర్తి చేసి వెళ్లడం నాకు తరగతిలో కన్నా నమోదు కార్యాలయంలో, అంగడిలో, డాక్టరు దగ్గర ఎక్కువ పనికి వచ్చింది.

డ్రెస్డెన్‌లో రోజును తొంభై నిమిషాల జంట పీరియడ్లుగా విభజిస్తారు. మొదటిది ఉదయం ఏడున్నరకే మొదలవుతుంది. డిసెంబరులో అక్కడ ఎనిమిదింటికి గాని తెల్లవారదు, సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. చీకట్లో తరగతికి వెళ్లి చీకట్లో గదికి చేరే ఆ వారాలు ఎండకు అలవాటుపడిన మనకు మనసు మీద భారంగానే ఉంటాయి, ముందే తెలిసి ఉండడం మంచిది. పాఠం అయిపోగానే విద్యార్థులందరూ పిడికిళ్లతో బల్లల మీద తడతారు. చప్పట్లకు బదులు వారి మర్యాద అది. మొదటి రోజు నేను ఉలిక్కిపడ్డాను గాని, నెల తిరిగేసరికి బాగా చెప్పిన పాఠానికి బల్ల తట్టకుండా లేవడం నాకే అమర్యాదగా అనిపించింది.

హాజరు పట్టీ లేదు, మిడ్ పరీక్షలు లేవు, ఇంటర్నల్ మార్కులు లేవు. సెమిస్టర్ చివర ఫిబ్రవరిలో జరిగే ఒక్క పరీక్ష మీదే అంతా ఆధారపడి ఉంటుంది, ఆ పరీక్షకు కూడా గడువులోగా విడిగా నమోదు చేసుకోవాలి. చదవమని వెంటపడేవారు ఉండరు కనుక, నవంబరులో ఖాళీగా తిరిగినవారు జనవరిలో ఆ లోటు పూడ్చుకోలేక అవస్థపడడం కళ్లారా చూశాను. నా నాలుగు విషయాల్లో ఒకటి మౌఖిక పరీక్ష. ఎదురుగా ఆచార్యులు, పక్కన నమోదు చేసుకునే మరొకరు, నా ముందు తెల్ల కాగితం, పెన్సిలు. అరగంటలో కంఠస్థం చేసిన సూత్రం ఒక్కటి కూడా అడగలేదు. ఒక దూలం గీసి, ఆధారం ఇక్కడి నుంచి అక్కడికి జరిపితే ఏమవుతుందో గీసి చూపించమన్నారు. తప్పు గీస్తే ఆపి, ఎందుకలా అనుకున్నావని నెమ్మదిగా అడిగి, నా చేతే దిద్దించారు. పదహారేళ్ల చదువులో నేను ఎదుర్కొన్న అత్యంత న్యాయమైన పరీక్ష అదేనని నా నమ్మకం.

నన్ను అడిగితే ఈ సెమిస్టర్‌లో అన్నిటికన్నా గొప్ప వసతి గ్రంథాలయం. సాక్సనీ రాష్ట్ర గ్రంథాలయం, విశ్వవిద్యాలయ గ్రంథాలయం రెండూ ఒకటిగా ఉన్న ఆ భవనంలో ప్రధాన పఠన మందిరం నేలమట్టానికి దిగువన ఉంటుంది, పైకప్పు గాజుది. కోటు, సంచీ లాకరులో పెట్టి మెట్లు దిగి వెళితే పైనుంచి పడే మెత్తటి వెలుతురులో వందల మంది చదువుకుంటున్నా కాగితం తిప్పిన చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. మాయా నాగరికత నుంచి మిగిలిన అరుదైన చేతిరాత గ్రంథాలలో ఒకటి, డ్రెస్డెన్ కోడెక్స్, ఉన్నది ఇక్కడే. పరీక్షల ముందు నెలంతా నా మకాం ఆ మందిరంలోనే.

గ్రంథాలయానికి ఎదురుగా ‘జీడెపుంక్ట్’ అనే మెన్సా ఉంది. విద్యార్థి సేవా సంస్థ నడిపే భోజనశాలలను అక్కడ మెన్సా అంటారు. నేను ఉన్నప్పుడు విద్యార్థి ధరకు మూడు నాలుగు యూరోల మధ్య వేడి భోజనం దొరికేది. ‘ఈమీల్’ అనే కార్డు యంత్రానికి ఆనిస్తే డబ్బు చెల్లిపోతుంది. ఇంటి నుంచి మొదటిసారి బయటకు వెళ్లేవారికి తిండి మీదే పెద్ద బెంగ ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్రతి వంటకం పక్కనా అందులో గొడ్డు మాంసం ఉందా, పంది మాంసం ఉందా, మద్యం కలిసిందా, వెల్లుల్లి ఉందా అన్నది గుర్తులతో సూచిస్తారు. శాకాహారం, పూర్తి మొక్కల ఆహారం రోజూ ఉంటాయి. కారం మాత్రం ఉండదు, నేను ఒక చిన్న సీసాలో కందిపొడి జేబులో పెట్టుకుని వెళ్లేవాడిని. కానీ ఒక మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు, పెరుగు ముద్దలా చిక్కగా ఉండే క్వార్క్, దాని మీద పసుపుపచ్చని నూనె పోసిన పళ్లెం తీసుకున్నాను. మొదటి ముద్దలోనే అమ్మమ్మ రోట్లో దంచే అవిసె గింజల పొడి వాసన తగిలింది. అడిగితే అది అవిసె నూనేనని, ఆ ప్రాంతపు పాతకాలపు రైతుల భోజనమని చెప్పారు. ఆ తరువాత జాబితాలో అది కనిపించిన ఏ రోజూ వదల్లేదు.

ప్రయాణ టికెట్టుకు పూర్తి మార్కులు వేస్తాను. సెమిస్టర్ రుసుములో భాగంగా నెలకు 29.40 యూరోలకు వచ్చిన ఆ టికెట్టుతో నగరంలోని ట్రాములు, బస్సులే గాక దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో తిరగవచ్చు. దూరప్రాంతపు వేగ రైళ్లకు మాత్రం పనికిరాదు. ఆదివారం అంగళ్లన్నీ మూసి ఉంటాయి కనుక ఎస్1 రైలెక్కి రాతెన్‌లో దిగి, పడవలో ఎల్బే దాటి, బస్టై రాతి వంతెన దాకా నడిచి వెళ్లడం మా అందరికీ అలవాటైంది.

నేను ఉన్నది ఒక ప్రైవేటు వసతి గృహం. గది శుభ్రమైనదే, కాని అద్దె ఎక్కువ, ముందస్తు డిపాజిట్ తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. విద్యార్థి సేవా సంస్థ గదులు చవకగా దొరుకుతాయి కాబట్టి ప్రవేశ పత్రం చేతికి రాగానే, ఒక్క రోజు కూడా ఆగకుండా వాటికి దరఖాస్తు చేయండి.

చివరగా క్రెడిట్ల విషయం. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత, 5.0 తప్పినట్టు. ఈ వివరణ జత చేయకుండా మార్కుల పత్రం ఇస్తే పదికి లెక్కించే మన పరీక్షా విభాగాల్లో గందరగోళం తప్పదు. నేను చదివిన నాలుగు విషయాల్లో మూడింటిని మా కళాశాల ఆమోదించింది. నాలుగోది సెమిస్టర్ మధ్యలో మార్చుకున్నాను, ఆ మార్పుకు సమ్మతి ఈమెయిల్‌లో వచ్చింది. తిరిగి వచ్చాక, ఈమెయిల్ చెల్లదు, ఏయే విషయాలు చదువుతామో రెండు విద్యాసంస్థలూ ఒప్పుకున్న పత్రమైన లెర్నింగ్ అగ్రిమెంట్ మీద సంతకం, ముద్ర ఉండాలన్నారు. ఆ నాలుగోదే నేను మౌఖిక పరీక్షలో నెగ్గినది. దానికి బదులుగా మరో విషయం మే నెల ఎండల్లో ఇక్కడ మళ్లీ చదివి పరీక్ష రాశాను. మీరు వెళితే, విషయం మారిన ప్రతిసారీ అగ్రిమెంట్ కొత్త ప్రతి మీద రెండు వైపులా సంతకాలు చేయించి, ముద్ర వేయించి, అసలు కాగితాన్ని పాస్‌పోర్టు ఉన్న కవరులోనే దాచుకోండి.