మంగమారిపేట తీరపు నడక: పిల్లలున్న కుటుంబాలు తప్పక వెళ్లవలసినది

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, మంగమారిపేట సహజ శిలాతోరణం దగ్గర స్థానిక పర్యావరణ కార్యకర్తలు నిర్వహించే తీరపు నడకను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. అమావాస్య, పౌర్ణమి సమయాల్లో ఆటు వేళ సముద్రం మామూలుకంటే ఎక్కువగా వెనక్కి తగ్గుతుంది కనుక, అప్పుడు బయటపడే రాళ్ల మధ్య నీటి గుంటల్లో పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులైన సీ అనిమోన్లనూ, పీతలనూ, నత్తలనూ వాటి చోటనే చూపించి, ఏది దేన్ని తిని బతుకుతుందో ఓపికగా వివరిస్తారు. ఖాళీ గవ్వను కూడా ఇంటికి తీసుకెళ్లనివ్వరు, ఎందుకంటే సన్యాసి పీతకు అదే నివాసం. ఈ కట్టుదిట్టమే నాకు అన్నిటికంటే నచ్చింది.

వివరణ ఎక్కువగా ఇంగ్లీషులో సాగడం మాత్రం పెద్ద లోటు. ఆ జీవులకు తరతరాలుగా పేర్లు పెట్టుకున్న మత్స్యకారులు పక్కనే ఉండగా, వారిచేత తెలుగులో చెప్పిస్తే ఈ నడక విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీరాన్ని కాపాడుకోవాలన్న పట్టుదల పల్లెల్లోనూ బలపడుతుంది.

సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందాయి. అదే రోజు వాటినీ చూడవచ్చు. నాచు పట్టిన రాళ్లు జారతాయి కనుక పట్టున్న చెప్పులు తప్పనిసరి.