పాత సినిమా, వెడల్పు తెర: నల్ల పట్టీలు మేలా, కత్తిరింపు మేలా, కృత్రిమ మేధ మేలా?

తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పైన తెర) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. అంతకుముందటి బ్లాక్ అండ్ వైట్ చిత్రాల్లో బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 1.37:1. నేటి టీవీ తెర 16:9 కనుక, ఆ బొమ్మను మార్చకుండా చూపితే ఇరువైపులా నల్ల పట్టీలు మిగులుతాయి.

పట్టీలు వద్దనుకుంటే మొదటి దారి పైనా కిందా కత్తిరించడం. 16:9 తెరకు బొమ్మలో నాలుగో వంతు దాకా పోతుంది. అంతకన్నా వెడల్పైన సినిమాస్కోప్‌కు మారిస్తే నూటికి నలభై పాళ్లు దాటుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది, స్కోప్‌కు మార్చి విడుదల చేశారు. ‘వివాహ భోజనంబు’ పాటలో ఘటోత్కచుడి తలపై కిరీటముంది, ఎదుట వంటకాలున్నాయి. అంత ఎత్తు పోగొట్టుకోవాల్సి వస్తే దేన్ని వదులుకుంటాం? అమెరికాలో ‘ది సింప్సన్స్’ కార్టూన్ సీరియల్ పాత భాగాలను ఇలాగే కత్తిరించి డిస్నీ ప్లస్‌లో పెట్టినప్పుడు, మూడు రకాల బీరు తొట్లకూ ఒకటే గొట్టం ఉందన్న హాస్యం, ఆ గొట్టం తెరపై లేక, అర్థం కాకుండా పోయింది. 2020లో పాత నిష్పత్తిలో చూసే వీలు కల్పించారు.

రెండో దారి కృత్రిమ మేధతో పక్కలను పెంచడం. ఇందులో అసలు బొమ్మ చెక్కుచెదరదు, ఇది నిజమైన లాభమే. కెమెరా పక్కకు తిరిగే షాట్‌లో ముందూ వెనకా ఫ్రేముల నుంచి అసలు గోడనో చెట్టునో తెచ్చి అతికించవచ్చు. కదలని షాట్‌లో మాత్రం తెరలో నాలుగో వంతును యంత్రం ఊహించి గీయవలసిందే. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ను 2025లో లాస్ వేగాస్‌లోని స్ఫియర్ అనే గోళాకార ప్రదర్శనశాల కోసం పెంచినప్పుడు పాత సెట్ల నమూనాలనూ, ఛాయాచిత్రాలనూ ఆధారం చేసుకున్నారు, అయినా ఫ్రేము బయటి పాత్రల నటనను కొత్తగా పుట్టించక తప్పలేదు.

ఆ ప్రత్యేక ప్రదర్శన వరకు నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో చూసే ప్రతికి మాత్రం పట్టీలే మేలంటాను, ఎందుకంటే ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునూ నీడనూ అమర్చింది ఆ అంచుల లోపలే. మిగిలిన రెంటిలో కత్తిరింపే నయం: ఏం పోయిందో అసలుతో పోల్చి చెప్పగలం, కానీ చక్కగా కుదిరిన కల్పనను చూసి, అసలు చూడని మన పిల్లలు అదే బార్ట్లే తీసిందని నమ్ముతారు.