మందు లైసెన్సు: మూడు రాష్ట్రాల్లో కొత్త హోటలుకు ఏది మేలు?

న్యూజెర్సీలో మందు లైసెన్సు లేని హోటలుకు తిండికి వెళ్తే బీరో వైనో మనమే వెంట తీసుకెళ్లొచ్చు, ఆ ఊరి నిబంధనలు వద్దనకపోతే. విస్కీ మాత్రం కుదరదు. హోటలువాళ్లు గ్లాసులు, ఐసు ఇవ్వొచ్చు గానీ అందుకు ఒక్క సెంటు కూడా వసూలు చేయకూడదు. తాగేవాడికి ఇంతకంటే చవక బేరం లేదు. ఓనరుకే గిట్టదు: బిర్యానీ మీద మిగిలేది తక్కువ, మందు మీద మిగిలేది ఎక్కువ, ఆ ఎక్కువేమో సీసాలు అమ్మే దుకాణానికి పోతుంది.

మరి లైసెన్సు తీసుకోవచ్చుగా అంటారా? ఊళ్లో ప్రతి 3,000 మంది జనాభాకు ఒకటే ఇస్తారు. చాలా ఊళ్లలో ఆ కోటా ఎప్పుడో నిండిపోయింది. ఇక ఉన్నవాడి దగ్గర కొనుక్కోవాలి. ఆ ధర లక్షల డాలర్లలో ఉంటుంది. కొన్నిచోట్ల పది లక్షలు దాటిన బేరాలూ ఉన్నాయి. వంటగది, కుర్చీలు, బల్లలు అన్నీ కలిపినా అంత కాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఒక సడలింపు ఇచ్చారు. కాక్‌టెయిళ్లు కలిపి, మూత బిగించి పార్సిల్ ఇవ్వొచ్చన్నారు. మూతపడబోయిన బార్లకు అది ఊపిరే. కానీ లైసెన్సు ఉన్నవాడికే. లేనివాడు పార్సిల్ కట్టేదేముంది, సాంబారు తప్ప?

2023లో గవర్నర్ ఫిల్ మర్ఫీ అసలు ఆ కోటానే దశలవారీగా ఎత్తేద్దామన్నారు. లైసెన్సును ఆస్తిగా చూసుకుని, దాని మీద అప్పులు కూడా తెచ్చుకున్న పాత ఓనర్లు ఒప్పుకోలేదు. వాళ్ల గోల అన్యాయమని నేననను. చివరికి 2024 జనవరిలో వచ్చిన చట్టం మధ్యేమార్గం పట్టింది: రెండేళ్లుగా వాడకుండా అట్టిపెట్టుకున్న లైసెన్సులను వాడాలి, లేదా వదులుకోవాలి. పక్క ఊరికి బదిలీ చేసే వీలూ పెట్టారు. సరుకు కాస్త పెరిగింది. ధర చెప్పేది మాత్రం ఇప్పటికీ అమ్మేవాడే.

నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడా కోటా ఉంది, జిల్లా లాంటి కౌంటీ లెక్కన. 2016 చట్టంతో గడువు చెల్లిన లైసెన్సులను ప్రభుత్వమే సీల్డు టెండర్లలో వేలం వేస్తోంది. మొదటి వేలంలో 40 పెట్టారు, కనీస పాట 25,000 డాలర్లు. డబ్బు ఖజానాకు పోతుంది కాబట్టి ఇది కాస్త నయం. అయినా వేలం వేలమే, జేబు బరువున్నవాడిదే పైచేయి.

న్యూయార్క్‌లో హోటళ్లకూ బార్లకూ జనాభా లెక్కన కోటా లేదు. ఫీజు వేలల్లోనే. బీరు, వైను చాలనుకుంటే దానికి వేరే లైసెన్సుంది, అది ఇంకా చవక. అలాగని తలుపులు బార్లా తెరవలేదు: అదే వీధిలో బడికో గుడికో 200 అడుగుల లోపు ఉంటే విస్కీ, రమ్ముల లైసెన్సు సాధారణంగా ఇవ్వరు. జనాభా 20,000, అంతకు మించిన ఊళ్లలో 500 అడుగుల్లో అలాంటి లైసెన్సులు ఇప్పటికే మూడుంటే, ఇంకొకటి రావడం ఆ వీధికి మేలేనని విచారణలో ఒప్పించాలి. ఇరుగుపొరుగు వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. నెలల తరబడి తిప్పుతారు, లాయరు ఖర్చూ తప్పదు.

అయినా నా ఓటు న్యూయార్క్ పద్ధతికే. అక్కడ వీధికి జవాబు చెప్పుకుంటే చాలు, న్యూజెర్సీలో ముందే దుకాణం పెట్టినవాడికి కప్పం కట్టాలి. రాత్రి గోల, తాగి బండి నడపడం లాంటి భయాలకు కూడా విచారణలో చోటుంది. తల లెక్కన పెట్టిన కోటాకు ఆ వీధి మొహమే తెలియదు.

న్యూజెర్సీ రేపే అలా మారాలంటే పాత ఓనర్లు మునుగుతారు, నిజమే. అందుకే ముందు న్యూయార్క్‌లోలా బీరు, వైనుకు పరిమితమైన చిన్న లైసెన్సు, కూర్చుని తినే హోటళ్లకు మాత్రం, కోటాతో సంబంధం లేకుండా ఇస్తే బాగుంటుంది. విస్కీ, రమ్ము పాత లైసెన్సుల చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటి విలువ ఒక్కసారిగా కుప్పకూలదు. తినేవాళ్లు ఆ బీరూ వైనూ ఎలాగూ సంచిలో తెచ్చుకుంటూనే ఉన్నారు.