51 శాతం కాగితం మీద ఉంటే చాలదు: అమెరికా వెటరన్, డిజేబిలిటీ సర్టిఫికేషన్ల రివ్యూ

అమెరికాలో చిన్న ఐటీ కన్సల్టెన్సీయో, స్టాఫింగ్ కంపెనీయో నడిపే మనవాళ్లకు మైనారిటీ సర్టిఫికెట్, మహిళల సర్టిఫికెట్ సంగతి బాగానే తెలుసు. మాజీ సైనికులకు, వైకల్యం ఉన్నవాళ్లకు కూడా అలాంటివి ఉన్నాయని విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లేమో అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు సరుకులు. చిన్న వ్యాపారాల సంగతి చూసే ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ ఇచ్చే వెట్‌సర్ట్ ఫెడరల్ కాంట్రాక్టుల కోసం. వైకల్యం ఉన్న వెటరన్ల కంపెనీలకు కాలిఫోర్నియా ఇచ్చే డీవీబీఈ ఆ రాష్ట్ర ప్రభుత్వ పనుల కోసం. నవోబా, డిజేబిలిటీ:ఇన్ అనే ప్రైవేటు సంస్థలు ఇచ్చేవి పెద్ద కార్పొరేట్ కంపెనీలకు అమ్ముకోవడానికి. ప్రైవేటు సంస్థ కాగితం పట్టుకెళ్లి ఫెడరల్ సెట్‌అసైడ్, అంటే ఇలాంటి కంపెనీలకే కేటాయించే కాంట్రాక్టు, అడిగితే ఇవ్వరు.

ఇక్కడ వెటరన్ అంటే అమెరికా సైన్యంలో పనిచేసి, డిజానరబుల్ కాని డిస్చార్జితో బయటికొచ్చినవాళ్లే. ఇండియన్ ఆర్మీలో ఇరవై ఏళ్లు చేసి వచ్చినా లెక్కలోకి రాదు. 2008లో మొదలైన మావ్ని కార్యక్రమం కింద, ఇంకా వీసాల మీద ఉండగానే అమెరికా ఆర్మీలో చేరి పౌరసత్వం తెచ్చుకున్న భారతీయులకు ఈ దారి తెరిచే ఉంది.

ముందు వెట్‌సర్ట్. నాలుగింటిలో దీనికే ఎక్కువ విలువ, ఫీజు భయం కూడా లేదు. 2022 చివరిదాకా ఈ పరిశీలన వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే వీఏ చేతిలో ఉండేది. 2023 జనవరి 1 నుంచి ఎస్‌బీఏకు వచ్చింది. దరఖాస్తు ఉచితం, సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. ఇందులో రెండు మెట్లు ఉన్నాయి. మామూలు వెటరన్ కంపెనీకి వీఓఎస్‌బీ, సర్వీసు వల్ల వైకల్యం వచ్చిన వెటరన్ కంపెనీకి ఎస్‌డీవీఓఎస్‌బీ. రెండింటి మధ్య తేడా భూమ్యాకాశాలంత. మొదటిదానికి సెట్‌అసైడ్ లాభం వీఏ దగ్గర మాత్రమే. రెండోదానికి అన్ని ఫెడరల్ శాఖల్లోనూ ఉంటుంది. ఆ శాఖలన్నీ కలిపి ఇచ్చే కాంట్రాక్టు డబ్బులో వీళ్లకని పెట్టుకున్న లక్ష్యం కూడా 2024 రక్షణ చట్టంతో 3 నుంచి 5 శాతానికి పెరిగింది. వైకల్యం రేటింగ్ ఇంత ఉండాలన్న కనీస షరతు లేదు. వీఏ సున్నా శాతం ఇచ్చినా, అది సర్వీసుకు సంబంధించినదని రాసిస్తే సరిపోతుంది. 'నాది పది శాతమేగా' అని ఊరుకున్నవాళ్లు ఈ ముక్క గమనించాలి.

వీఏ దగ్గర మాత్రం ఇద్దరికీ మంచి పట్టు ఉంది. సరైన ధరకు కనీసం ఇద్దరు వెటరన్ కంపెనీల వాళ్లు బిడ్ వేస్తారని అధికారికి నమ్మకం కలిగితే ఆ పని వాళ్లకే కేటాయించాలి. 'మా ఏడాది లక్ష్యం పూర్తయింది, ఇక అక్కర్లేదు' అనడానికి వీల్లేదని 2016లో కింగ్‌డమ్‌వేర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక దరఖాస్తులు తిరగబడే చోటుకి వద్దాం. వెటరన్‌కి 51 శాతం వాటా ఉందా అన్నది సులువుగా తేలిపోతుంది. పేచీ అంతా నిర్ణయాలు ఎవరివన్న దాని మీదే. ఎస్‌బీఏ మనిషి మొదట తీసి చదివేది ఎల్ఎల్‌సీ ఆపరేటింగ్ అగ్రిమెంట్, అంటే కంపెనీ సభ్యులు రాసుకున్న ఒప్పందం. ఆన్‌లైన్‌లో దొరికే నమూనా దించుకుని పేర్లు మార్చి సంతకాలు పెట్టేసిన అగ్రిమెంట్లలో దాదాపు ఎప్పుడూ కనిపించే వాక్యం ఒకటుంది: 'అప్పులు, ఒప్పందాలు, నియామకాల వంటి ముఖ్య నిర్ణయాలకు సభ్యులందరి ఏకగ్రీవ సమ్మతి కావాలి.' ఆ ఒక్క వాక్యం చాలు. 49 శాతం ఉన్న బావమరిది 'వద్దు' అంటే పని ఆగిపోతుందంటే, నియంత్రణ వెటరన్ చేతిలో లేనట్టే. కొత్త భాగస్వామిని చేర్చుకోవడం, కంపెనీని మూసేయడం, అమ్మేయడం, విలీనం, దివాలా వంటి అసాధారణ సందర్భాల్లో మిగతా సభ్యుల సమ్మతి అడగడాన్ని రూల్ ఒప్పుకుంటుంది. రోజువారీ వ్యాపారంలో ఒప్పుకోదు. కాబట్టి ఆ వాక్యం తీసేసి, వెటరన్‌ని మేనేజింగ్ మెంబర్‌గా పేరు పెట్టి రాసి, మామూలు నిర్ణయాలన్నీ ఆయన లేదా ఆమె ఒక్కరి ఓటుతో సాగుతాయని స్పష్టంగా రాయించండి. కంపెనీ పంచే లాభంలో కనీసం 51 శాతం వెటరన్‌కే వెళ్లాలి. వాటా వెటరన్ పేరు మీద నేరుగా ఉండాలి. మధ్యలో ఇంకో ఎల్ఎల్‌సీ పెట్టి దాని ద్వారా పట్టుకుంటే కుదరదు.

తర్వాత చూసేది జీతాలు, పనివేళలు. వెటరన్‌కి పగలంతా వేరే క్లయింట్ దగ్గర డబ్ల్యూ-2 (నెల జీతం) ఉద్యోగం ఉండి, కంపెనీ పని రాత్రిళ్లు చూసుకుంటుంటే అడ్డంకే. వ్యాపారం నడిచే వేళల్లో ఆ మనిషి వ్యాపారంలోనే ఉండాలన్నది వాళ్ల ఆలోచన. ఆ ఉద్యోగం ఉన్నా ఎందుకు ఇబ్బంది లేదో రాతపూర్వకంగా చూపించుకోవాలి. వెటరన్ కాని వాళ్లు కంపెనీ అధ్యక్షుడైన వెటరన్ కంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నా సంజాయిషీ అడుగుతారు. కంపెనీలో అత్యున్నత పదవి వెటరన్‌దే అయి ఉండాలి. బ్యాంకు ఖాతా మీద సంతకం బావమరిదిది, ప్రెసిడెంట్ పేరు వెటరన్‌ది అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది.

మన కుటుంబాల్లో ఇంకో చిక్కు సైజు దగ్గర వస్తుంది. ఐటీ సేవల నేక్స్ కోడ్ (వ్యాపార రంగానికిచ్చే నంబరు) 541512కి చిన్న కంపెనీ హద్దు సగటు వార్షిక రాబడి 34 మిలియన్ డాలర్లు. ఒక్క కంపెనీకి ఇది చాలా పెద్ద అంకె. కానీ భార్యాభర్తలు, అన్నదమ్ములు, తల్లిదండ్రులు, పిల్లలు వేర్వేరు కంపెనీలు పెట్టుకుని ఒకరితో ఒకరు వ్యాపారం చేస్తుంటే, వాటన్నిటినీ ఒకే గొడుగు కింద ఉన్నట్టు భావించి రాబడి కలిపేస్తారు. అన్న కంపెనీ నుంచి తమ్ముడి కంపెనీకి కన్సల్టెంట్లు వెళ్లి వస్తుంటే ఇది వర్తిస్తుంది. అప్లికేషన్ నింపేముందు ఈ లెక్క వేసుకోవాలి.

కాంట్రాక్టు వచ్చాక మొదలయ్యే నియమం మరీ ముఖ్యం. సేవల కాంట్రాక్టులో ప్రభుత్వం చెల్లించే డబ్బులో 50 శాతానికి మించి, అలాంటి సర్టిఫికెట్ లేని సబ్‌కాంట్రాక్టర్లకు ఇవ్వకూడదు. సాధారణ నిర్మాణ పనుల్లో ఈ హద్దు 85 శాతం, ప్రత్యేక నిర్మాణ పనుల్లో 75. మన స్టాఫింగ్ కంపెనీలు బోల్తా పడేది ఇక్కడే. కార్ప్-టు-కార్ప్ మీద, అంటే వేరే కంపెనీ ద్వారా, వచ్చినవాళ్లు సబ్‌కాంట్రాక్టర్లే, 1099 మీద, అంటే సొంతంగా పనిచేస్తూ, ఉన్నవాళ్లూ సబ్‌కాంట్రాక్టర్లే. 10 లక్షల డాలర్ల పనిలో 6 లక్షలు ఇలా బయటికి పోతే ఉల్లంఘన జరిగినట్టే. ఆ సబ్ కూడా ఎస్‌డీవీఓఎస్‌బీ అయితే అతనికిచ్చింది ఈ లెక్కలోకి రాదు, అది ఒక వెసులుబాటు. లేకపోతే డబ్ల్యూ-2 పేరోల్ పెంచుకోవడం తప్ప దారి లేదు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. వెటరన్ ఒకరిని పట్టుకొచ్చి, నెలకింతని ఇచ్చి, 51 శాతం ఆయన పేరు మీద రాసే పద్ధతికి అమెరికాలో 'రెంట్-ఎ-వెట్' అని పేరు. న్యాయశాఖ ఇలాంటి కేసుల్ని ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నడుపుతుంది. పని బ్రహ్మాండంగా చేసిపెట్టినా, మోసపూరితంగా సంపాదించిన కాంట్రాక్టు మొత్తం విలువనే నష్టంగా లెక్కగట్టే వీలుంది. జైలు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 'అందరూ చేస్తున్నారు' అని చెప్పే మధ్యవర్తిని వాకిట్లోంచే పంపించెయ్యండి.

దరఖాస్తు పద్ధతి సులువే. ముందు ప్రభుత్వ కాంట్రాక్టర్లు నమోదయ్యే సామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్. అక్కడే 12 అక్షరాల గుర్తింపు నంబరు యూఈఐ వస్తుంది, 2022 ఏప్రిల్ నుంచి పాత డన్స్ నంబరు బదులు వాడేది ఇదే. ఇక్కడ తగిలే దెబ్బ చిన్నదే కానీ వారాలు తినేస్తుంది. కంపెనీ పేరు పన్నుల శాఖ ఐఆర్ఎస్ రికార్డులో ఎలా ఉందో కామా, చుక్కతో సహా అలాగే ఉండాలి. కంపెనీ పన్ను నంబరు ఇస్తూ వాళ్లు పంపిన ఈఐఎన్ లెటర్ పక్కన పెట్టుకుని టైపు చేయండి. అడ్రసు పాత అపార్టుమెంటుదై ఉంటే అది సరిచేసుకున్నాకే మొదలుపెట్టండి. రిజిస్టర్ అయిన మర్నాటి నుంచి 'మీ సామ్ రెన్యూవల్‌కి డబ్బు కట్టండి' అంటూ ప్రభుత్వం పంపినట్టే కనిపించే మెయిళ్లు వస్తాయి. సామ్ పూర్తిగా ఉచితం, పైసా కట్టకండి. ఆ తర్వాత మైఎస్‌బీఏ సర్టిఫికేషన్స్ పోర్టల్‌లో దరఖాస్తు. వెటరన్ హోదా, వైకల్యం రేటింగ్ వీఏ రికార్డుల్లో సరిచూస్తారు. పేరు కలవకపోతే డీడీ-214 (సైన్యం ఇచ్చే డిస్చార్జి పత్రం), రేటింగ్ లెటర్ అడుగుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, డీడీ-214లో ఇంకోచోట ఉన్న తెలుగు పేర్లకు ఇది జరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ రెండూ ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. పూర్తి దరఖాస్తు అందాక వీలైనంతవరకు 90 రోజుల్లో తేల్చాలని రూల్. ఆ 90 రోజులు మొదలయ్యేది 'పూర్తి' అయ్యాకే. నిరాకరిస్తే అప్పీలుకు 10 పనిదినాలే ఉంటాయి. అప్పీలు వద్దనుకుంటే అగ్రిమెంట్ మార్చుకుని, 90 రోజులాగి మళ్లీ వేయొచ్చు. రెండో దారే చాలామందికి తెలివైనది. సాయం కావాలంటే ఏపెక్స్ యాక్సెలరేటర్లు, వెటరన్స్ బిజినెస్ అవుట్‌రీచ్ సెంటర్లు ఉచితంగా చూసిపెడతాయి. వేల డాలర్లు అడిగే కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లేముందు వాళ్ల దగ్గర కూర్చోండి.

నా మార్కులు వెట్‌సర్ట్‌కు ఐదులో నాలుగు. ఒకటి తగ్గించింది, వైకల్యం లేని వెటరన్‌కి వీఏ బయట పెద్దగా ఒరిగేదేమీ లేనందుకు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు డీవీబీఈని వదులుకోకూడదు. రాష్ట్ర కాంట్రాక్టుల్లో 3 శాతం లక్ష్యం వీళ్లకే ఉంది, దరఖాస్తుకు డబ్బు అక్కర్లేదు. షరతులు మాత్రం ఫెడరల్ కంటే భిన్నం: సర్వీసు వైకల్యం కనీసం 10 శాతం ఉండాలి, వెటరన్ కాలిఫోర్నియాలోనే స్థిరపడి ఉండాలి. పైగా పనిలో నిజంగా ఒక భాగం చేయాలి. ప్రైమ్ (ప్రధాన కాంట్రాక్టర్) దగ్గర బిల్లు తీసుకుని, సరుకు ఇంకొకరి చేత పంపించి, మధ్యలో కమీషన్ ఉంచుకుంటే 'కమర్షియల్లీ యూజ్‌ఫుల్ ఫంక్షన్' పరీక్షలో తప్పుతారు. పెద్ద ఐటీ ప్రైమ్‌లు టెండరు గడువుకు రెండు రోజుల ముందు 3 శాతం కోసం డీవీబీఈని వెతుక్కుంటూ ఫోన్ చేస్తాయి. అప్పుడు ఏ పని చేస్తారో, ఎంతకు చేస్తారో కాగితం మీద రాయించుకోకుండా పేరు వాడుకోనివ్వకండి.

వెటరన్ కాని, వైకల్యం ఉన్న యజమానికి ఫెడరల్ సెట్‌అసైడ్ అంటూ ఏదీ లేదు. ఎబిలిటీవన్ అని వింటే అదేదో ఇదే అనుకుంటారు. అది అంధులు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు పనిచ్చే లాభాపేక్ష లేని సంస్థల కోసం, సొంత కంపెనీల కోసం కాదు. కాబట్టి వీళ్లకు మిగిలింది వైకల్యం ఉన్నవాళ్ల సొంత కంపెనీలకు డిజేబిలిటీ:ఇన్ ఇచ్చే డీఓబీఈ. ఇదివరకు యూఎస్‌బీఎల్ఎన్ పేరుతో ఉండేది ఈ సంస్థే. షరతు మామూలే: 51 శాతం యాజమాన్యం, నడపడం, నియంత్రణ వైకల్యం ఉన్న వ్యక్తి చేతిలో ఉండాలి. ఆ కంపెనీలో పనిచేసేవాళ్లలో వైకల్యం ఉన్నవాళ్లు ఉన్నారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. సర్వీసు వైకల్యం ఉన్న వెటరన్లకు ఇందులోనే వేరే వర్గం ఉంది.

ఇక్కడ మనవాళ్ల అపోహ ఏమిటంటే, వీల్‌చెయిర్‌లో ఉంటేనో, చూపు లేకపోతేనో మాత్రమే వైకల్యమని. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం అమెరికా చేసిన ఏడీఏ చట్టం నిర్వచనం అంతకంటే వెడల్పు. 2008 సవరణ తర్వాత శరీరంలోని ముఖ్యమైన వ్యవస్థల పనితీరు దెబ్బతినడం కూడా అందులోకి వచ్చింది. మూర్ఛలా వచ్చిపోయేవి, తగ్గుముఖం పట్టిన క్యాన్సర్ వంటివి కూడా, ఉన్నప్పుడు జీవితాన్ని గణనీయంగా పరిమితం చేస్తే, లెక్కలోకి వస్తాయి. డాక్టరు సర్టిఫికెట్‌లో జబ్బు పేరొక్కటే రాస్తే సరిపోదు. దాని వల్ల నడవడమా, వినడమా, చదవడమా, ఏది ఎంతవరకు దెబ్బతిందో రాయించుకోవాలి. ఈ ముక్క లేని ఉత్తరం వెనక్కే వస్తుంది. 'నలుగురికీ తెలిసిపోతుందేమో' అన్న జంకు మన ఇళ్లలో ఎక్కువ. కొనుగోలుదారుడికి వెళ్లేది సర్టిఫికెటే తప్ప మీ మెడికల్ ఫైలు కాదు.

మార్కుల దగ్గరికి వస్తే డీఓబీఈకి మూడే ఇస్తాను. 2025 నుంచి చాలా కంపెనీలు 'సప్లయర్ డైవర్సిటీ' విభాగాల పేర్లు మార్చేశాయి, కొన్ని కుదించేశాయి. అందువల్ల దరఖాస్తు చేసేముందు ఒక పని చేయండి. మీరు అమ్మాలనుకునే ఐదు కంపెనీల సప్లయర్ పోర్టల్ తెరిచి, రిజిస్ట్రేషన్ ఫారంలో డీఓబీఈ అన్న గడి ఇంకా ఉందో లేదో చూడండి. ఐదింటిలోనూ లేకపోతే ఫీజు దండగ. స్టాఫింగ్‌లో ఉన్నవాళ్లకైతే నేరుగా క్లయింట్ కంటే, క్లయింట్ తరఫున కన్సల్టెంట్లను తెచ్చే ఎంఎస్‌పీ దగ్గర ఎక్కువ ఉపయోగం. వాళ్లు తమ కింది సప్లయర్ల మీద పెట్టిన ఖర్చును 'టయర్-2' లెక్కగా క్లయింటుకు చూపించుకోవాలి. ఆ రిపోర్టు అడిగే క్లయింట్ ఉన్నంతకాలం మీ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది. నవోబాదీ ఇదే తీరు, కార్పొరేట్లకే, వెటరన్లకు. వెట్‌సర్ట్ చేతిలో ఉన్నవాళ్లు కొనుగోలుదారుడు పేరు పెట్టి అడిగితే తప్ప దీనికి పరిగెత్తక్కర్లేదు.

సర్టిఫికెట్ వచ్చాక ఫోన్ క్యాలెండర్‌లో మూడు తేదీలు వేసుకోండి. సామ్ రిజిస్ట్రేషన్ ఏటా రెన్యూ కావాలి. అది ఆగితే వెట్‌సర్ట్ ఉన్నా కాంట్రాక్టు చేతికి రాదు. వెట్‌సర్ట్ మూడేళ్ల గడువుకు కొన్ని నెలల ముందు కాగితాలు తయారుంచాలి. యాజమాన్యం ఎప్పుడు మారినా ఎస్‌బీఏకు 30 రోజుల్లో చెప్పాలి. మరిచిపోయేది ఈ మూడోదే. కొత్త పార్ట్‌నర్‌కి రెండు శాతం రాసిచ్చిన రోజే తెలియజేయాలి, ఏడాది చివర ట్యాక్సుల వేళ కాదు.