మా ముసలి పోనీకి పెర్గొలైడ్ మాత్రలు, 4/5

టెక్సాస్‌లో మా పోనీకి 19 ఏళ్లు, జూన్ వచ్చినా చలికాలం బొచ్చు రాలలేదు, అడుగులు ఆచితూచి వేస్తుంటే ముసలితనంలే అనుకున్నా. కార్టిసాల్ అనే హార్మోన్ ఒక్కటే చూస్తే తేలదని వెట్ ఏసీటీహెచ్ (పిట్యూటరీ గ్రంథి హార్మోన్), ఇన్సులిన్ రక్తపరీక్షలు చేయించారు, రెండూ ఎక్కువే, కుషింగ్స్ అన్నారు, అంటే ఆ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు. దానికి మందు ఈ పెర్గొలైడే, రోజూ అర మిల్లీగ్రాము. మొదటి వారం మేత ముట్టకపోతే భయమేసింది బాబోయ్, వెట్‌ని అడిగి డోసు తగ్గించి మెల్లగా పెంచాక దారిలో పడింది. ఇన్సులిన్ ఎక్కువ కదా, తీపి యాపిల్‌లో పెట్టి ఇవ్వలేం, నానబెట్టిన బీట్ పల్ప్‌లో (చక్కెర తీసేసిన షుగర్ బీట్ దుంప పిప్పి) దాస్తే అదంతా నాకేసి మాత్ర ఒక్కటీ గిన్నె అంచున వదిలేస్తుంది దొంగది. రెండు నెలలకి బొచ్చు రాలింది, హుషారొచ్చింది. కానీ ఇన్సులిన్‌కి ఇదొక్కటే చాలదు, ఎండుగడ్డి నానబెట్టి ఆ తీపి నీళ్లు పారబోసి పెట్టాల్సిందే. జీవితాంతం వాడాలి, ధరేమో వాత, అందుకే ఒక స్టార్ కట్.