రుబ్లేవ్ ‘త్రిత్వం’ ఐకాన్ ప్రింట్లు: ఏ సైజు, ఏ రకం, ఏవి వద్దు

మన ఇళ్ళల్లో, చర్చి హాళ్ళల్లో త్రియేక దేవుడి బొమ్మ అంటే చాలావరకు ఒకటే. తెల్లగడ్డంతో తండ్రి, పక్కన సిలువతో కుమారుడు, ఇద్దరి మీద పావురం. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది నేర్పే పాఠమే తప్పు. తండ్రి ముసలివాడిగా, కుమారుడు యువకుడిగా కంటికి కనబడితే, కుమారుడు లేని కాలం ఒకటి ఉండేదని పిల్లలకు చెప్పినట్టే. 4వ శతాబ్దపు బోధకుడు అరియస్ వాదం అదే, క్రీ.శ. 325లో చర్చి పెద్దలు కూడిన నీకయ సభ తోసిపుచ్చింది దాన్నే. ఇక పరిశుద్ధాత్మను వ్యక్తిగా ఎవరూ గుర్తుపట్టరు, పక్షి ఒక్కటే మిగులుతుంది. తండ్రిని ఇలా వృద్ధుడిగా చిత్రించడాన్ని 1667లో రష్యా చర్చి మాస్కో మహాసభ ఏకంగా నిషేధించింది.

దీని చోట పెట్టుకోదగ్గది రష్యా చిత్రకారుడు ఆంద్రేయ్ రుబ్లేవ్ వేసిన ‘త్రిత్వం’ ఐకాన్ (ఆరాధనలో వాడే పవిత్ర చిత్రం) ప్రింటు. ఫోటో కాగితం, కాన్వాస్, చెక్కకు అతికించినది, ఫ్లెక్స్, ఇలా చాలా రకాలు దొరుకుతాయి. తీర్పు ముందే చెప్పేస్తే, 12×15 అంగుళాల మ్యాట్ ఫోటో కాగితం మీద వేయించి, మౌంటు బోర్డుతో (చిత్రం చుట్టూ పెట్టే మందపాటి అట్టతో) ఫ్రేము కట్టించుకోవడం అన్నిటికన్నా మేలు. చెక్క ప్రతులకు పెట్టే ఎక్కువ డబ్బుకు తగ్గ ఫలితం ఉండదు.

అసలు చిత్రం 15వ శతాబ్దం తొలి దశకాలది. మాస్కో దగ్గర సెర్గియెవ్ పోసాద్‌లోని త్రిత్వ మఠం కోసం వేసింది. చెక్క పలక మీద గుడ్డుసొన కలిపిన రంగులు, ఎత్తు 142 సెం.మీ., వెడల్పు 114 సెం.మీ. చాలాకాలం లోహపు తొడుగు కింద, మసిబారిన వార్నీషు కింద ఉండిపోయింది. 1904లో ఐకాన్లు బాగుచేసే గుర్యానోవ్ శుభ్రం చేయడం మొదలుపెట్టాకే అసలు రంగులు బయటపడ్డాయి. 1929లో మాస్కోలోని ట్రెట్యకోవ్ గ్యాలరీ అనే కళా మ్యూజియంకు వెళ్ళింది, 2023లో మళ్ళీ చర్చికి అప్పగించారు, 2024లో మఠానికి చేరింది. ఇంత సున్నితమైన పలకను కదిలించడం మీద కళాసంరక్షకులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు.

కథ ఆదికాండము 18వ అధ్యాయానిది. మమ్రే దగ్గర అబ్రాహాము గుడారానికి ముగ్గురు వస్తారు. ఆయన మాత్రం ‘ప్రభువా’ అని ఒక్కరితో మాట్లాడినట్టు పలకరిస్తాడు. పాత చిత్రకారులు ఇక్కడ అబ్రాహామును, శారాను, వడ్డనను అన్నీ వేసేవారు. రుబ్లేవ్ వాటన్నిటినీ తీసేసి ముగ్గురు దూతలను, బల్లను, దూడ తల ఉన్న ఒక్క పాత్రను ఉంచాడు. విందు కథ అలా త్రిత్వ సిద్ధాంతమైంది. అందుకే ప్రింటులో ఒక మూల పోయినా, ఒక రంగు మారినా సిద్ధాంతంలో ఒక ముక్క పోయినట్టే.

మొదటి గొడవ కొలతలతోనే. 142ని 114తో భాగిస్తే 1.25కి వెంట్రుకవాసి తక్కువ. స్టూడియో సైజుల్లో 8×10, 12×15, 16×20 అంగుళాలకు ఇది దాదాపు అచ్చంగా సరిపోతుంది. 12×18 అడిగితే వెడల్పులో 17 శాతం, ఏ4లో సుమారు 12 శాతం కత్తిరించక తప్పదు. పోయేవి అటూఇటూ ఉన్న దూతల రెక్కలు, వీపులు. ముగ్గురి ఆకారాలూ కలిసి ఒక వలయంలో ఇమిడేలా వేసిన చిత్రం ఇది. ఆ అంచులు పోతే వలయం తెగి, ముగ్గురు మనుషులు విడివిడిగా కూర్చున్నట్టు అవుతుంది. ముఖాలు పెద్దగా కనబడాలని నడుము వరకే కత్తిరించి అమ్మేవి ఇంకా దండగ. వాటిలో పాత్ర పోతుంది, పక్క దూతల లోపలి అంచుల మధ్య ఏర్పడే పెద్ద పాత్ర ఆకారమూ పోతుంది.

కత్తిరించకుండా సాగదీసేవారు మరో రకం. ఫ్లెక్స్ షాపులో 3×4 అడుగులు అంటే చాలు, ఫైలును ఆ చట్రంలోకి లాగేస్తారు. ముఖాలు కోలగా వస్తాయి. ఫ్లెక్సే కావాలంటే 3 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 4 అడుగుల 8 అంగుళాల ఎత్తు అని రాసి ఇవ్వండి. అది అసలు చిత్రం నిలువెత్తు సైజు.

రంగుల విషయానికొస్తే, ఇంటర్నెట్‌లో దొరికే ఫైళ్ళలో ఒకటి వెలవెలబోతూ, ఇంకొకటి నారింజ పులిమినట్టూ ఉంటుంది. నడిమి దూతకు ముదురు చెర్రీ ఎరుపు అంగీ, దానిపైన నీలం వస్త్రం, కుడి భుజం మీద బంగారు పట్టీ. మనకు కుడివైపున్న దూతకు నీలం అంగీ మీద ఆకుపచ్చ. ఎడమ దూతకు కూడా నీలమే, కానీ లేత గులాబీ ఛాయ వస్త్రం దాన్ని దాదాపు కప్పేస్తుంది. పరీక్ష ఇక్కడే పెట్టాలి. ఎడమ దూత ఛాతీ దగ్గర ఆ నీలం కనబడాలి. కనబడకపోతే ఆ ప్రింటు వద్దు. ముగ్గురికీ ఒకే స్వభావమని చెప్పడానికి చిత్రకారుడు వాడిన రంగు అదే మరి. నడిమి వస్త్రంలో నీలం నల్లబారినా తిప్పి ఇచ్చేయండి. 12×15 సైజుకు ఫైలు కనీసం 3,600×4,500 పిక్సెళ్ళు ఉండాలి. బొమ్మ తిరగేసి అచ్చయిందేమో కూడా చూసుకోండి. ఇల్లు ఎడమన, చెట్టు మధ్యన, కొండ కుడిన ఉండాలి. నడిమి, కుడి దూతల తలలు ఎడమవైపు వంగి ఉండాలి.

బొమ్మ కింద ‘తండ్రి’, ‘కుమారుడు’, ‘ఆత్మ’ అని పేర్లు అచ్చేసిన ప్రతులు, నడిమి దూత తల చుట్టూ సిలువ గీత (క్రీస్తుకు గుర్తు) కలిపిన ప్రతులు పక్కన పెట్టండి. 1551లో మాస్కోలో జరిగిన నూరు అధ్యాయాల సభ ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. పాత గ్రీకు చిత్రకారులు, రుబ్లేవ్ వేసినట్టే వేయాలి, ‘పరిశుద్ధ త్రిత్వము’ అని తప్ప ఇంకేమీ రాయకూడదు అని తేల్చారు. నడిమి దూత ఎవరన్న దాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. ఎరుపు, నీలం క్రీస్తుకు వేసే రంగులు కాబట్టి కుమారుడని కొందరు, మధ్య స్థానం కాబట్టి తండ్రి అని కొందరు అంటారు. షాపువాళ్ళు తేల్చేయాల్సిన సంగతి కాదిది.

చెక్క ప్రతుల్లో చాలావాటికి తల చుట్టూ ఉండే ప్రభామండలాలకు బంగారు రేకు అద్దుతారు. అసలులో బంగారం ఉండేదన్నది నిజమే, చాలావరకు రాలిపోయింది. కానీ ట్యూబులైటు కింద ఆ రేకు తళుక్కుమంటుంటే ముఖాలు కనబడవు. లోపల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) అయితే వానాకాలంలో అంచులు ఉబ్బుతాయి. కాన్వాస్ దూరం నుంచి బాగుంటుంది, దగ్గరికెళితే నేత గీతలు కళ్ళ వివరాలను మింగేస్తాయి. పైగా కాన్వాస్‌ను అంచుల మీదుగా వెనక్కి మడిచి కొడతారు కాబట్టి చుట్టూ అంగుళంన్నర అదనంగా ఖాళీ రంగు వదలమని చెప్పకపోతే రెక్కలు పక్కలకు పోతాయి. ల్యామినేషన్ అసలే వద్దు, మెరుపు ఒకటి, కొన్నాళ్ళకు బుడగలు ఒకటి. కాగితం ప్రింటుకు, అద్దానికి మధ్య మౌంటు బోర్డు తప్పనిసరి. అది లేకపోతే కోస్తా ఊళ్ళల్లో తేమకు కాగితం అద్దానికి అతుక్కుని మరకలు పడతాయి.

సండేస్కూల్లో దీంతో పాఠం చెప్పడానికి పావుగంట చాలు. ముందు ముగ్గురి ముఖాలు పోల్చమనండి, వయసులో తేడా దొరకదు. తర్వాత చేతికర్రలు చూపించండి, ముగ్గురికీ ఒకే అధికారం. ఆ తర్వాత నీలం ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి. ఆఖరున తలలు ఎటు వంగాయో, చేతులు పాత్ర వైపు ఎలా ఉన్నాయో అడగండి. త్రిత్వమంటే ఒకే నీరు మంచుగా, ఆవిరిగా మారడం లాంటిదని చెప్పే అలవాటు ఉంటే దాన్ని మానిపించడానికి ఈ బొమ్మే మంచి సాధనం. ఒకడే మూడు వేషాలు మార్చాడనేది తొలినాటి బోధకుడు సబెల్లియస్ వాదం, ఆ పోలిక నేర్పేదీ అదే. ఇక్కడ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, ఒకేసారి ఉన్నారు.

లోపం లేకపోలేదు. మూడు దేహాలు కనబడతాయి కాబట్టి ‘అయితే ముగ్గురు దేవుళ్ళా?’ అని ఎవడో ఒకడు అడిగి తీరతాడు. త్రిమూర్తుల బొమ్మలు రోజూ చూసే మన పిల్లలకు ఆ అనుమానం ఇంకా త్వరగా వస్తుంది. నీకయ విశ్వాస ప్రమాణంలోని ‘ఒక్కడే దేవుడు’ అన్న మాట పక్కన లేకుండా ఈ బొమ్మను ఒంటరిగా వాడకండి. దేవదూతల రూపం ఒక సూచన మాత్రమేనని, తండ్రికి రెక్కలున్నాయని కాదని కూడా చెప్పాలి. గుడిలో బొమ్మలు పెట్టని బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు దీన్ని పాఠ్యపటంగా వాడుకుని తర్వాత తీసి పెట్టుకోవచ్చు. దానికి ఫ్రేము అక్కర్లేదు, 16×20 ప్రింటును అట్టకు అతికిస్తే సరిపోతుంది.

తగిలించే ఎత్తు కూడా లెక్కే. బల్లకు మన వైపున ఎవరూ కూర్చోలేదు, పీటల గీతలు కూడా మన వైపుకే కలిసొస్తాయి. చూసేవారు ఆ ఖాళీ వైపున ఉన్నట్టు అనిపించాలంటే పాత్ర కంటిమట్టానికి కాస్త కిందుండాలి. చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకునే గదిలో ఫ్రేము బాగా కిందకు, కుర్చీలున్న హాల్లో దానికంటే పైకి వచ్చేలా, కూర్చుని చూసి మేకు కొట్టించండి. పడమటి ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు.